పగిలిన మిషను, పదిలంగా ఉన్న ఓట్లు

ఆదివారం. ఊరి వాట్సాప్ గ్రూపులో పాల్వాయి గేటు వీడియో మళ్లీ తిరుగుతోంది. 2024 మే 13న, పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గంలో పోలింగ్ నడుస్తుండగానే బూత్‌లోకి చొరబడి ఓటింగ్ మిషను నేలకేసి కొట్టిన వీడియో. దానికంటే కింద వచ్చిన మాటలే ఎక్కువ కలవరపెట్టాయి. "వాళ్లు రిగ్గింగ్ చేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అని ఒకరు. "ఆ చేతులే నరకాలి" అని ఇంకొకరు.

సరే, రిగ్గింగ్ జరిగిందనే అనుకుందాం. పగలగొడితే ఏం ఒరుగుతుంది? ఓటరు నొక్కేది బ్యాలెట్ యూనిట్, ఏడు సెకన్లు చీటీ చూపేది వీవీప్యాట్. అట్ట చాటున ఉండేవి ఈ రెండే. ఓటు దాచుకునేది సిబ్బంది బల్ల మీదుండే కంట్రోల్ యూనిట్. పాల్వాయి గేటులో అందులోని ఓట్లు భద్రంగానే ఉన్నాయి. వేరే మిషను తెచ్చి పోలింగ్ కొనసాగించారు. రీపోలింగ్ అవసరమే రాలేదు.

రిగ్గింగ్‌ను పట్టుకునేది బూత్‌లో అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంటు. పోలింగ్‌కు ముందు మాక్‌పోల్‌లో, అంటే మిషనును పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్‌లో, కనీసం 50 ఓట్లు వేయించి లెక్క సరిచూసుకోవాలి. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదనిపిస్తే రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు, ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించాలి. ఓటు ముందే పడిపోయిందని తెలిస్తే అసలు ఓటరు టెండర్ ఓటు (విడిగా కాగితం బ్యాలెట్ మీద వేసేది) అడగాలి. సాయంత్రం, పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం కాపీ తీసుకోనిదే కదలకూడదు, లెక్కింపు రోజు మిషను చూపే మొత్తం దానితో సరిపోవాలి. ఏజెంటును కొట్టి తరిమేస్తే ఇందులో ఒక్కటీ జరగదు. అందుకే పల్నాడులో మొదటి దెబ్బ ఎప్పుడూ ఏజెంటు మీదే పడుతుంది.

2024 పోలింగ్ గొడవల తర్వాతి రోజులు గుర్తున్నాయిగా. పల్నాడు, అనంతపురం ఎస్పీల సస్పెన్షన్. పల్నాడు కలెక్టర్ బదిలీ. 13 మందితో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్). లెక్కింపు అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలు. కేసులు పడి కోర్టుల చుట్టూ తిరిగేది ఊళ్లో ఉన్న కుర్రాళ్లు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని "శభాష్" అని పెట్టినవాళ్లకు ఒక్క వాయిదా కూడా లేదు. ఇది నాకు మింగుడుపడదు.

అమెరికాలో 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. అవతలి పార్టీలో హింసను సమర్థించేవాళ్లు ఎంతమంది ఉంటారని అడిగితే, రెండు పార్టీలవాళ్లూ ఉన్నదానికంటే చాలా ఎక్కువ చెప్పారు. అసలు లెక్క చూపించాక వాళ్లలోనే హింస మీద మొగ్గు తగ్గింది. మా గ్రూపులోనూ "నరకాలి" అనేది ఎప్పుడూ అవే నాలుగైదు పేర్లు. మిగతావాళ్లు నోరు మెదపరు. అవతలి పక్షం మాత్రం ఆ నలుగురినే చూసి ఊరంతా కత్తి పట్టిందనుకుంటోంది.