చెరిపేసిన 38.1

సంచికకి ఏదైనా రాయమనగానే ల్యాబులో చివరి బల్ల, దాని అంచున క్లాంపుకి వేలాడుతున్న లఘులోలకం (దారానికి కట్టిన చిన్న గోళం) గుర్తొచ్చాయి.

వేలాడదీసిన చోటు నుంచి గోళం మధ్య వరకు సరిగ్గా 100 సెంటీమీటర్లు. 20 డోలనాలకి, అంటే గోళం వెళ్లి మళ్లీ మొదటి చోటికి వచ్చే పూర్తి ఊపులకి, మా ఇద్దరికీ వచ్చిన టైము 38.1 సెకన్లు. 20తో భాగించి లెక్క కడితే g (భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం) విలువ 1088 సెం.మీ./సె² తేలింది. రావలసింది 980 దగ్గర్లో. పక్క బల్లల వాళ్లందరికీ సరిగ్గానే వచ్చింది. నాకు టెన్షన్ మొదలైంది. 980 రావాలంటే టైము ఎంత ఉండాలో వెనక నుంచి లెక్క వేసుకుని, 38.1 చెరిపేసి 40.1 అని రాశాను. ప్రయోగ విధానం మాత్రం ఒక సీనియర్ రికార్డు చూసి ఎక్కించాను: "గోళమును స్వల్ప కోణముతో పక్కకు జరిపి వదలవలెను."

మాస్టారు పేజీ చూసి, చెరిపిన చోట వేలు పెట్టారు. దాని గురించి ఏమీ అనలేదు. "ఈ 'వదలవలెను' ఏంట్రా? నువ్వు వదిలావా, లేదా? చేసింది చేసిన వరసలో రాసుకురా" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని రాశాను. "గోళాన్ని కొంచెం పక్కకి లాగి వదిలాం. వదలగానే స్టాప్ వాచ్ నొక్కి, ఒకటి అని లెక్క మొదలుపెట్టాం. అది తిరిగి చెయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక అంకె. ఇరవై అనగానే ఆపాం."

మర్నాడు మాస్టారు 'ఒకటి' కింద గీత గీశారు. నాకు వెంటనే వెలిగింది. వదిలిన క్షణానికి ఒక్క డోలనం కూడా పూర్తి కాలేదు, అప్పుడు అనాల్సింది సున్నా. మేం కొలిచినవి 19 డోలనాలే. 38.1ని 19తో భాగిస్తే 2.005 సెకన్లు, g విలువ 982! ఆ పేజీ మొత్తంలో నిజంగా కళ్లతో చూసి రాసిన టైము ఆ 38.1 ఒక్కటే, నేను చెరిపేసిందీ దాన్నే.

పట్టికలో ప్రతి నిలువు వరస పైనా యూనిట్ ఉండాలని, పదో వంతు సెకను చూపించే వాచీతో కొలిచి ఫలితంలో నాలుగు దశాంశ స్థానాలు రాయకూడదని కూడా మాస్టారే చెప్పారు. అవి తొందరగానే అలవాటయ్యాయి. విధానం రాయడమే కష్టం. చేతులు ఏం చేశాయో గుర్తు తెచ్చుకుని, అక్కడ లేని మనిషికి కనబడేలా చెప్పాలి. 'జాగ్రత్తగా లెక్కించితిమి' అని రాసి ఉంటే మా తప్పు ఎవరికీ దొరికేది కాదు.

రికార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. రబ్బరు రుద్ది పలచబడ్డ కాగితం మీద పెన్నుతో మళ్లీ రాసిన 38.1, పక్కన మాస్టారి ఎర్ర సిరా టిక్కు.