బిల్లు కొట్టిన ప్రతిసారీ జీసీని పిలిచాను: పర్లాకిమిడి కొట్లో నా అనుభవం

దసరాకి వారం ముందు బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరే, బిల్లు కొట్టగానే మిషను బిగుసుకుపోతోందిరా, కౌంటర్ ముందు జనం గోల పెట్టేస్తున్నారు" అన్నాడు. బాబాయ్‌ది పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా. గుమ్మ, సెరంగో కొండల వైపు నుంచి చిన్న కొట్ల వాళ్లు, ఇటు పాతపట్నం నుంచి మనవాళ్లు, పండగ సరుక్కి అందరూ అక్కడికే వస్తారు. ఒకే కౌంటర్లో ఒడిశా వాళ్లకి జీఎస్టీ రాష్ట్ర కోడ్ 21తో బిల్లు, ఆంధ్రా వాళ్లకి 37 కోడ్‌తో ఐజీఎస్టీ వేసి ఇంకో రకం బిల్లు. ఆ బిల్లింగ్ ప్రోగ్రామ్ జావా 8లో నేనే రాసిచ్చాను. నేనుండేది బరంపురంలో, కాబట్టి ఏ తేడా వచ్చినా ముందు ఫోన్లోనే చూడాలి.

ర్యామ్ చాలట్లేదనుకున్నాను. 4 జీబీని 8 చేయించాను, జావాకి ఇచ్చే హీప్ (ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీ) కూడా పెంచాను. బాబాయ్ డబ్బులు ఖర్చయ్యాయి గానీ ఆగడం మాత్రం ఆగలేదు. మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు చేశాను, జీసీ లాగ్ ఆన్ చేయించాను (జీసీ అంటే గార్బేజ్ కలెక్టర్, ప్రోగ్రామ్ ఇక వాడని ఆబ్జెక్టుల్ని, అంటే డేటా ముక్కల్ని, మెమరీలోంచి ఊడ్చేసేది). కౌంటర్లో కూర్చునే కుర్రాడు స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆ లాగ్‌లో ప్రతి లైన్లోనూ కారణం రాసి ఉంటుంది. మామూలుగా అయితే 'అలొకేషన్ ఫెయిల్యూర్' అని ఉంటుంది, అంటే కొత్త ఆబ్జెక్టుకి చోటు లేక జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) తనే ఊడ్చుకుందన్నమాట. ఇక్కడ వరసపెట్టి 'ఫుల్ జీసీ', అంటే హీప్ మొత్తం ఊడ్పు, కారణం 'సిస్టమ్ డాట్ జీసీ', అంటే ప్రోగ్రామ్ కోడే జీసీని పిలిచింది. ఒక్కోదానికి 2.8 సెకన్లు, 3.1 సెకన్లు. ఒక లైన్లో హీప్ 910 ఎంబీ నుంచి 890కి దిగింది. కౌంటర్‌ని మూడు సెకన్లు ఆపి ఎత్తింది 20 ఎంబీ చెత్త!

ఆ పిలుపు రాసింది నేనే. రెండేళ్ల కింద రాత్రి బ్యాకప్ దగ్గర నిజంగానే అవసరమై పెట్టాను (ఆ సంగతి కిందికి వస్తుంది), అదే ఊపులో ఎప్పటికప్పుడు శుభ్రంగా ఉంటుంది కదా అని బిల్లు సేవ్ అయ్యే చోట కూడా పెట్టేశాను. అప్పట్లో ఖాతాలు తక్కువ, అర సెకను కూడా పట్టేది కాదు, ఎవరికీ తెలియలేదు. ఫుల్ జీసీకి పట్టే టైమ్ చెత్త ఎంత ఉందన్న దాన్ని బట్టి కాదు, ముఖ్యంగా బతికున్న, అంటే ఇంకా వాడకంలో ఉన్న, సరుకు ఎంత ఉందన్న దాన్ని బట్టి పెరుగుతుంది. గోడౌన్లో ప్రతి బస్తా జరిపి కింద ఊడ్చడం లాంటిది అది. జేవీఎమ్ తన మానాన తను చేసుకునే చిన్న జీసీ అలా కాదు, కౌంటర్ కింద రాలిన గింజలు ఊడ్చినట్టు, ఎందుకంటే కొత్తగా పుట్టిన ఆబ్జెక్టుల్లో ఎక్కువ భాగం వెంటనే పోతాయి. పైగా పని మధ్యలో ఫుల్ జీసీ పిలిస్తే ఇంకో క్షణంలో పోవాల్సిన ఆబ్జెక్టులు కూడా ఆ టైమ్‌కి బతికే ఉన్నాయి కాబట్టి పాత తరం (ఎక్కువ కాలం బతికిన ఆబ్జెక్టులుండే చోటు) వైపు వెళ్లిపోతాయి, మళ్లీ అక్కడ పెద్ద ఊడ్పు జరిగేదాకా కదలవు. మూడేళ్ల ఖాతాలు, మూడు వేల ఐటమ్‌లు మెమరీలో పెట్టుకుని నేను చేసింది ఇదీ.

పండగ రష్‌లో కోడ్ మార్చి పంపే వీల్లేదు. అందుకని ఆ కుర్రాడికి ఫోన్లోనే అక్షరం అక్షరం చెప్పి బ్యాచ్ ఫైల్లో 'డిజేబుల్ ఎక్స్‌ప్లిసిట్ జీసీ' అనే ఆప్షన్ పెట్టించాను. అది ఉంటే కోడ్‌లో ఎన్నిసార్లు పిలిచినా జేవీఎమ్ పట్టించుకోదు. కౌంటర్ పరుగెత్తింది. బాబాయ్ సంతోషంగా ఫోన్ చేసి "ఇప్పుడు బాగుందిరా" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున్న బిల్లు సేవ్ అవనంది.

టెన్షన్‌తో బస్సెక్కి వెళ్లాను. సంగతేమిటంటే, రోజు బిల్లులన్నీ ఒక మ్యాప్డ్ ఫైల్లో (మెమరీకి నేరుగా జోడించి రాసే ఫైల్లో) పడతాయి, రాత్రి షట్టర్ దించాక అది పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయి, పాతది డిలీట్ అయి, కొత్తది మొదలవ్వాలి. జావా 8లో అలా మ్యాప్ చేసిన ఫైల్‌ని మన చేత్తో వదిలించే సరైన దారి లేదు, దాన్ని పట్టుకున్న బఫర్ ఆబ్జెక్ట్‌ని జీసీ ఎత్తేదాకా విండోస్ ఆ ఫైల్‌ని డిలీట్ చేయనివ్వదు. రెండేళ్ల కింద నేను జీసీని పిలిచింది ఇందుకే. ఇప్పుడు ఆ పిలుపు నోరు కూడా నొక్కేశాను, హీప్ పెంచాను కాబట్టి జేవీఎమ్‌కి తనంతట తాను ఫుల్ జీసీ చేసే అవసరమూ రాలేదు. ఫైల్ డిలీట్ కాలేదు, మూడు రోజుల బిల్లులు ఒకే ఫైల్లో పడి, నేను పెట్టిన సైజు దాటిపోయింది. బిల్లు ఒక్కటీ పోలేదు, అది అదృష్టం.

ఆ ఆప్షన్ తీసేశాను. బిల్లు దగ్గరి పిలుపు తీసేశాను. షట్టర్ దించాక బ్యాకప్ ముందు పిలిచేది ఒక్కటే ఉంచాను.

ప్రోగ్రామర్‌కి జీసీని పిలిచే హక్కే ఉండకూడదని వాదించే వాళ్లున్నారు, వారం కింద నాకూ అలాగే అనిపించేది. ఇప్పుడు ఉండాలనే అంటాను. జీసీకి హీప్ లెక్క నాకంటే బాగా తెలుసు, కానీ కొట్టు మూసేశారని, ఇప్పుడు మూడు సెకన్లు ఆగినా ఎవరూ అరవరని దానికి తెలియదు. ఆ ఒక్క ముక్క నాకే తెలుసు. దాని కోసం అడిగే దారి కావాలి. జావాలో అది అడగడమే, ఆజ్ఞ కాదు, పైగా నడిపే వాళ్లు దాన్ని పూర్తిగా ఆపొచ్చు, లేదా 'జీ-1' (G1) అనే రకం కలెక్టర్‌తో అయితే ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఎక్కువ పని జరిగేలా మార్చొచ్చు. ఈ ఏర్పాటు సబబైనదే. సీ షార్ప్, గో, పైథాన్‌లలో కూడా ఈ పిలుపు ఉంది, ఎవరూ తీసేయలేదు.

అయితే ఫైల్ వదిలించుకోవడానికి జీసీ మీద ఆధారపడాల్సి రావడం మాత్రం తప్పే, దానికి చేతికందే 'క్లోజ్' ఉండాలి. జావాలో అది 'అరీనా' పేరుతో 2024లో వచ్చిన 22వ వెర్షన్‌లో ఖాయమైంది. బాబాయ్ మిషను ఆ వెర్షన్‌కి మారేదాకా నేను మ్యాప్డ్ ఫైలే మానేసి మామూలు ఫైల్ రాస్తాను, కోడ్ సగం అయింది.

నిన్న కుర్రాడు మళ్లీ లాగ్ ఫొటో పంపాడు. పగలంతా 'అలొకేషన్ ఫెయిల్యూర్' లైన్లే, ఒక్కోటి సెకనులో వందో వంతు, రెండు వందో వంతులు. రాత్రి 9:40కి ఒకే ఒక్క ఫుల్ జీసీ, దాని తర్వాత బ్యాకప్ ఓకే.