మసీదులో జమాత్, చావిట్లో పీర్లు

ఆదివారం, రాత్రి.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తబ్లీగీ జమాత్ వాళ్లు, అంటే ఊరూరా తిరిగి నమాజు గురించి చెప్పేవాళ్లు, నలుగురు మా వాకిట్లోకి గష్త్‌కి (ఇంటింటికీ తిరిగి మసీదుకు పిలవడానికి) వచ్చారు. ముందున్నాయన తల దించుకుని, గడప ఇవతలే నిలబడి, "ఇంట్లో మగవాళ్లుంటే పిలవండమ్మా" అన్నాడు, తెలుగులో. ఆ ఒక్క మాటకే మా జేజి మెత్తబడిపోయింది. ఇదివరకు వచ్చినవాళ్లంతా ఉర్దూలోనే చెప్పి పోయేవాళ్లు, మాకేమో ఉర్దూ రాదు. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో మాట తెలుగు, పేర్లు కుళ్లాయప్ప, ఫకీరప్ప, హుసేనమ్మ. టౌన్లో తమను సగం ముస్లింల కిందే లెక్కగట్టేవాళ్లని మా నాన్న ఇప్పటికీ బాధపడతాడు.

మగ్రిబ్ నమాజు తర్వాత మసీదులో వాళ్ల బయాన్‌కి (ప్రసంగానికి) పోయాను. పక్కింటివాడు పస్తుంటే నువ్వు కడుపు నిండా తినొద్దు అన్నాడు బయాన్ చెప్పినాయన, మనసుకు తగిలింది. తర్వాత దస్తర్‌ఖాన్ (భోజనానికి కింద వేసే గుడ్డ) పరిచి, ఒక్క పళ్లెం చుట్టూ నలుగురం కూర్చుని అన్నం, టమోటా పప్పు తిన్నాం. స్టవ్వు వాళ్లదే, బియ్యం వాళ్లవే, ఊరి మీద రూపాయి భారం లేదు. నా ఎదురుగా ఉన్నాయన పంచర్లు వేసే మనిషి, గోళ్ల చివర ఇంకా నలుపు పోలేదు, పప్పు కలిసిన అన్నం మాటిమాటికీ నా వైపుకే జరుపుతున్నాడు. అలాంటి మనిషి నెమ్మదిగా "మొహర్రంలో పీర్లు ఎత్తడం, నిప్పుల గుండం తొక్కడం మన దీన్‌లో (మతంలో) లేవు భాయ్" అంటే ఏం చెప్పాలో తోచలేదు.

ఈ జమాత్ పని 1920లలో మౌలానా ఇల్యాస్ గారు ఢిల్లీకి దగ్గర్లోని మేవాత్ పల్లెల్లో మొదలుపెట్టింది. అక్కడి మేవోలు కూడా మాలాంటివాళ్లే, సేద్యం చేసుకుంటూ ముస్లిం ఆచారాలూ హిందూ ఆచారాలూ కలిపి బతికినవాళ్లు. అందుకే వాళ్ల మాట మా మీద అంత సూటిగా పడుతుంది.

కానీ మొహర్రంలో పీర్లను నిలిపే మా ఊరి పీర్ల చావిడి మా ఒక్కరిదే కాదు. పీర్లకు దట్టీలు (గుడ్డ పట్టీలు) కట్టేది బోయవాళ్లు, డప్పు కొట్టేది మాదిగలు, చక్కెర చదివింపులు చేసేది మా ఇంటివాళ్లు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుని బిడ్డకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకున్న హిందువుల ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్ని లేవు! పక్కింటివాడి ఆకలి గురించి ఈరోజు బయాన్‌లో విన్న మాట మా ఊళ్లో నేను కళ్లారా చూసింది ఆ చావిడి దగ్గరే, మొహర్రం పది రోజులూ ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా అక్కడ ఇంత పెట్టి పంపేవాళ్లు. నమాజు నేర్పినవాళ్ల మీద నాకు నిజంగా గౌరవం ఉంది, రేపు తెల్లవారుజామున ఫజర్ నమాజుకి కూడా పోతాను. చావిడికి తాళం వేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంటికొచ్చి ఇదంతా జేజికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆయప్ప చెప్పినట్టే అయిదు పూటలా నమాజు చదువుతా నాయనా, పీర్ల పండగ జోలికి మాత్రం రావద్దని చెప్పు" అంది.

పొద్దున్నే వాళ్లు పక్క ఊరికి పోతారట. దారిలో తినడానికి రొట్టెలు చేసిస్తానని జేజి ఇప్పుడే సజ్జపిండి జల్లిస్తోంది.