శ్రుతి పెట్టె లేకుండా తొమ్మిది పాటలు

ఫిలిప్పీన్స్‌లోని దవావోకి వచ్చింది మెడిసిన్ చదవడానికి. చర్చి కాయిర్‌లో ఎలా పడ్డావు అని అడిగితే, హాస్టల్ వెనక వీధిలోనే చర్చి ఉండటం, ఆదివారం పూజ అయ్యాక పాటగాళ్లకి పాన్సిత్ నూడుల్స్ పెట్టడం, అంతే. మాది గుంటూరు వైపు, ఏటా ఫిరంగిపురం బాలయేసు పండక్కి వెళ్లే ఇల్లు, కాబట్టి గుడి పాటలు నాకు కొత్త కాదు. కాకపోతే మాకు పాటంటే హార్మోనియం, తబలా, ఊరంతా కలిసి ఒకటే వరస. ఇక్కడ కాయిర్ నడిపే ఆతె (అక్కని ఇక్కడ అలాగే పిలుస్తారు) నా గొంతు ఒకసారి విని, తీసుకెళ్లి బాస్ వరసలో, అంటే అన్నిటికంటే కింది గొంతుతో పాడే మగవాళ్లలో నిలబెట్టింది. అంటే అసలు పాట నేను పాడను. పాట కింద నేల లాంటిదేదో పాడతాను.

ఆల్బమ్ ఆలోచన పవిత్ర వారంలో పుట్టింది. పవిత్ర గురువారం సాయంత్రం గ్లోరియా (దేవుణ్ని మహిమపరిచే పాట) అయ్యాక ఈస్టర్ రాత్రి మళ్లీ గ్లోరియా వచ్చేదాకా గంటలు మోగవు, చెక్కతో టకటకా కొడతారు. వాద్యాలు కూడా ఊరుకుంటాయి, పాటకి ఆసరాగా కావాలంటే తప్ప. మా కాయిర్‌లో ఆ ఆసరా కూడా తీసుకోలేదు. ఆ మూడు రోజులూ ఉత్త గొంతులతో పాడింది విని ఊళ్లోవాళ్లు ఇలాగే రికార్డ్ చేయండి అన్నారు. క్యాథలిక్ పెద్దల రెండో వాటికన్ సభ తర్వాత పూజ జనం భాషలోకి వచ్చిన రోజుల్లో ఫిలిప్పీన్స్ భాష తగాలోగ్‌లో కీర్తనలు కట్టిన జెస్విట్ ఫాదర్ ఎడువార్డో హోంతివెరోస్ (1923–2008) పాటలు కొన్ని, ఆ తర్వాతివాళ్లవి కొన్ని, మొత్తం తొమ్మిది ఎంచుకున్నారు. అనుమతుల కోసం ఉత్తరాలు రాయడం ఆతె పని, అందులో నేను వేలు పెట్టలేదు.

నా మొదటి గండం భాష. 'అమా నామిన్' అని మొదలుపెట్టగానే అమ్మ గురించి అనుకున్నాను, తీరా చూస్తే అమా అంటే తండ్రి. 'హిందీ' అంటే కాదు, లేదు అని అర్థం! 'ముఖా' అంటే ముఖమే, 'పగ్-ఆసా' అంటే ఆశే, అక్కడ మాత్రం ప్రాణం లేచొచ్చింది. అన్నిటికంటే నవ్వొచ్చింది ఙ దగ్గర. ఒకటో తరగతిలో దిద్ది వదిలేసిన ఆ అక్షరంతో తెలుగులో ఒక్క మాటా మొదలవదు. వీళ్లకి 'ఙయోన్' అంటే ఇప్పుడు. మిగతా విదేశీ పిల్లలు 'నయోన్' అంటుంటే నేను దర్జాగా పలికాను, ఆ ఒక్కరోజు మాత్రం ఆతె నన్ను మెచ్చుకుంది.

రెండో గండం శ్రుతి. మనకి వెనక శ్రుతి పెట్టె మోగుతుంటే దానికి ఆనుకుని పాడతాం. ఇక్కడ మొదట ఒక్కసారి పిచ్ పైప్ (శ్రుతి చూపించే చిన్న పీక) ఊదుతారు, ఆ తర్వాత దేవుడే దిక్కు. నాలుగు నిమిషాల పాట అయ్యాక మళ్లీ ఊది చూస్తే మేం అరస్వరం కిందికి జారిపోయి ఉన్నాం, ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే పదహారుమందిమీ కలిసే జారాం. దీంతో వచ్చే అసలు కష్టం రికార్డింగ్‌లో తెలిసింది: మొదటి చరణం ఒక టేక్‌లో బాగుంది, మూడోది ఇంకో టేక్‌లో బాగుంది, రెండూ అతికిద్దామంటే శ్రుతి కలవదు. కాబట్టి మొత్తం పాట ఒకే ఊపున రావాలి.

నేల సరిగ్గా లేకపోతే ఇల్లు కుంగుతుంది, బాసే జారుతోంది అని ఆతె మొహమాటం లేకుండా చెప్పింది. నిజం చెప్పాలంటే జారుతున్నది నేనే. ఒకే స్వరం మళ్లీ మళ్లీ వచ్చినచోట బద్ధకంగా దాని మీద కూర్చుండిపోతున్నాను. చివరికి కూర్చునే పద్ధతి మార్చారు. 1963లో ఆండ్రియా వెనెరాసియోన్ మొదలుపెట్టిన ఫిలిప్పీన్ మాడ్రిగల్ సింగర్స్ అనే బృందం వాళ్లు అర్ధచంద్రాకారంలో కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా చేతులూపేవాళ్లు లేకుండా పాడతారు. మేమూ అలాగే కూర్చున్నాం, బాస్ వాళ్లని విడదీసి సొప్రానోల (పై గొంతు పాడే ఆడవాళ్ల) పక్కన వేశారు. పక్కావిడ గొంతే నా శ్రుతి పెట్టె అయింది. ఆవిడ ఊపిరి తీసేచోట నేను తీయకూడదు, వంతులు వేసుకున్నాం.

రికార్డింగ్ ఆరు రాత్రులు. ట్రైసికిళ్ల మోత తగ్గాక, పది దాటాక మొదలు. ఫ్యాన్లు బంద్, ఏప్రిల్ ఉక్క, చొక్కాలు పిండుకోవచ్చు. వాన పడితే రేకుల మీద చప్పుడుకి ఆ రాత్రి పోయినట్టే. 'దియోస్' (దేవుడు) అన్నప్పుడు చివరి 'స్' అందరూ అంటే పాము బుస కొట్టినట్టుందని ఇద్దరికి మాత్రమే ఆ అక్షరం ఇచ్చారు, మిగతావాళ్లం 'దియో' అని నోరు మూసుకున్నాం. వినేవాళ్లకి తేడా తెలియదు, ఒట్టు.

చివరి పాట పదకొండో టేక్‌లో కుదిరింది. ఆఖరి స్వరం గోడల్లో ఇంకుతుంటే దూలం మీద బల్లిజాతి పెద్ద జీవి ఒకటి 'తుకో' అని అరిచింది. ఇక్కడ దాని పేరే తుకో. ఎవరికీ పన్నెండోసారి పాడే ఓపిక లేదు, ఉంచేశాం.

ఆల్బమ్ అమ్మకి పంపాను. అంతా విని ఫోన్ చేసి, "బాగున్నాయిరా, కానీ నీ గొంతు ఎక్కడా దొరకలేదు. చివర్న అరిచింది నువ్వేనా?" అంది.