అడుగు

చవితికీ నిమజ్జనానికీ మధ్య ఇరుక్కుపోయే పండగ ఒకటుంది. భాద్రపద శుద్ధ ద్వాదశి, వామన జయంతి. మా మల్కాజిగిరిలో ఆ రోజుకి మండపాల మైకులు మంచి ఊపు మీదుంటాయి. ఇంకో రెండ్రోజుల్లో అనంత చతుర్దశి కాబట్టి కుర్రాళ్ళు లారీలూ బ్యాండూ మాట్లాడుకునే హడావుడిలో ఉంటారు. పాపం వామనుడు అవతారంలోనే కాదు, క్యాలెండర్‌లోనూ పొట్టివాడే. మా అమ్మ మాత్రం ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, భాగవతం అష్టమ స్కంధం తెరిచి, పోతన గారి వామన చరిత్ర గొంతెత్తి చదివేది. తర్వాత పెరుగన్నం నైవేద్యం, ఎవరైనా వడుగైన పిల్లాడికి ఒక గొడుగు దానం. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. పుస్తకం వచ్చింది గానీ ఆ గొంతు రాలేదు.

వామన చరిత్ర అనగానే అందరూ "కారే రాజులు" దగ్గర ఆగుతారు. ఎందరో రాజులు పోయారు, సిరి మూటగట్టుకుపోయిందెవరు అనే ఆ పద్యం గొప్పదే, కాదనను. కానీ నా మీద అది శ్మశాన వైరాగ్యంలా పనిచేస్తుంది, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రాగానే దిగిపోతుంది. నన్ను పట్టుకునేది దానికి ముందే వచ్చే ఓ చిన్న కందం. వామనుడు బలితో అంటాడు:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

దొరికింది రవ్వంతే అయినా అదే పదివేలనుకుని తృప్తిపడలేనివాడు, ఏడు దీవులూ చేతికొచ్చినా బాగుపడతాడా అని. ఆ "పదివేలు" చూడండి. ఇప్పటికీ "నువ్వొచ్చావు, అదే పదివేలు" అంటాం కదా, అదే మాట.

చాలా ఏళ్ళు ఈ పద్యాన్ని "ఏమీ ఉంచుకోకు" అనే అర్థంలో చదివి, చదివిన ప్రతిసారీ మా అటక వైపు దొంగచూపు చూసేదాన్ని. పద్యం అలా అనడం లేదని ఈ మధ్యే తెలిసింది. తెలియడానికి అటకే కారణం.

మాది పదకొండు వందల యాభై చదరపు అడుగుల ఫ్లాటు. మూడు అటకలు. ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు నిచ్చెన వేయించి మొత్తం దింపించాను. స్టీలు గ్లాసులు నలభై మూడు. మురుకుల గొట్టాలు మూడు: చెక్కది, ఇత్తడిది, అల్యూమినియంది. మూత ఒకచోటా జాడీ ఒకచోటా ఉన్న మిక్సీ సామాను. పాత బట్టలిచ్చి, గల్లీలోకొచ్చే స్టీలు సామాన్ల ఆవిడ దగ్గర బేరమాడి తెచ్చుకున్న గిన్నెలు, ఇంకా వాటి స్టిక్కర్లు కూడా పీకనివి. టీవీ వచ్చిన అట్టపెట్టె భద్రంగా ఉంది, ఆ టీవీ పోయి ఆరేళ్ళయింది. అన్నిటికన్నా అడుగున అమ్మ మరచెంబు, దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా చెక్కిన అమ్మ పేరు.

ఇక రవికె గుడ్డలు ఒక సంచి నిండా. వాటి సంగతి ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకరింట్లో తాంబూలంలో పెడతారు, మనం ఇంకొకరికి పెడతాం, ఎవరూ కుట్టించుకోరు. కిందటేడు మూడో అంతస్తావిడకి నేనిచ్చిన ఆకుపచ్చ గుడ్డ, మూల మీద నా చేతి పసుపు మరకతో సహా, ఈ ఏడు మా ఎదురింటావిడ బొట్టుపెట్టి నాకే ఇచ్చింది. నవ్వాపుకోలేక పక్కకి తిరిగాను. కానీ తర్వాత ఆలోచిస్తే, మా ఇంటి మొత్తం సామానులో బరువనిపించనిది ఆ గుడ్డ ఒక్కటే. అది ఎవరిదీ కాదు, నాలుగు గడపలు తిరిగి నాలుగు బొట్లు పెట్టించింది.

మా అమ్మాయిది ఇంకో దారి. కొండాపూర్‌లో ఉంటుంది. మినిమలిజం అంటుంది. నేల మీద పరుపు, రెండు కంచాలు, రెండు గ్లాసులు, ఒక పెనం, ఒక కుక్కరు. చూడ్డానికి గుడిలో మంటపంలా హాయిగా ఉంటుంది, అబద్ధమెందుకు. ఒక ఆదివారం నేనూ, మావారూ, మా ఆడపడుచూ వెళ్ళాం. నలుగురం, కంచాలు రెండు. మా ఆడపడుచు, ఆవిడకి అసలే నోరు ఆగదు, "మీ ఇంట్లో పెళ్ళిలాగా రెండు బంతులేనా అమ్మా" అంది. పిల్ల చిన్నబుచ్చుకుని ఫోన్లో భోజనాలు తెప్పించింది. నలుగురి తిండికి పెద్ద డబ్బాలు ఆరు, చట్నీల చిన్న డబ్బాలు డజను. ఇంట్లో సామాను లేదు గానీ తలుపు బయట చెత్త సంచి నిండిపోయింది.

తిరిగొచ్చాక రాత్రి పుస్తకం తీశాను. ముందు బలి చక్రవర్తి మాట: "వరచేలంబులొ మాడలో ఫలములో వన్యంబులో గోవులో..." బట్టలా, బంగారమా, గుర్రాలా, రత్నాలా, రథాలా, ఏనుగులా, ఇళ్ళా, ఊళ్ళా, ఏం కావాలో అడుగు అంటాడు. షాపింగ్ యాప్ తెరిచి వేలితో పైకి తోస్తూంటే వచ్చే వరసే ఇది. మూడడుగులు చాలు అనేసరికి ఆయన నొచ్చుకుంటాడు. "అడుగఁ దలఁచి కొంచె మడిగితి వో చెల్ల! దాత పెంపు సొంపుఁ దలఁపవలదె." బట్టల షాపులో ఒక్క చీర చాలంటే సేల్స్‌మన్ మొహం పెట్టేది ఇలాగే.

అప్పుడు వామనుడు తన అక్కరల చిట్టా విప్పుతాడు. "గొడుగో జన్నిదమో కమండలువొ నాకున్ ముంజియో దండమో." నేను వడుగుని, నాకు ఏనుగులెక్కడ, భూములెక్కడ అని. ఇన్నేళ్ళూ ఈ చరణం మీదుగా చదువుకుంటూ పోయాను గానీ, ఆ రాత్రి లెక్కపెట్టాను. గొడుగు, జందెం, కమండలం, మొలకి కట్టే ముంజిగడ్డి తాడు, కర్ర. ఐదు. సున్నా కాదు. ఐదింటిలో ఒక్కటీ అటకెక్కేది కాదు, ప్రతిదానికీ రోజూ పనుంది. పైగా సాక్షాత్తు నారాయణుడు "నాకేం వద్దు" అనలేదు, చెయ్యి చాపి మూడడుగులు అడిగాడు.

మన భాష చమత్కారం చూడండి. వేసేదీ అడుగే, కొలిచేదీ అడుగే, చెయ్యి చాపితే అదీ అడుగే, గిన్నెలో మాడేదీ అడుగే. వ్యాస భాగవతంలో ఇదే ఘట్టంలో ఇంకో చిన్న మాటుంది: "పదాని త్రీణి దైత్యేంద్ర సమ్మితాని పదా మమ". మూడడుగులు, నా పాదంతో కొలిచినవి. బలి పాదంతో కాదు, ఊళ్ళోవాళ్ళ పాదంతో కాదు. ఎవరి మేర వారి పాదానికే తెలుస్తుంది. మా అమ్మాయికి రెండు కంచాలు దాని పాదం కొలత అయితే సరే, ఏ వీడియోలోనో చూసిన పాదం అయితేనే పేచీ. నా నలభై మూడు గ్లాసులూ నా పాదం కొలత కాదు. వాటిలో సగం మా అత్తగారి కాలపు కొలత, ఇంటి నిండా చుట్టాలు దిగే రోజులవి. మిగతా సగం భయం కొలత.

ఇంకొకటి కూడా ఉంది. వామనుడు బ్రహ్మచారి, ఐదింటితో సరిపోయింది. ఆయన నిలబడ్డది మాత్రం ఒక గృహస్థు యాగశాలలో. ఆ ఇంట్లో కాళ్ళు కడగడానికి నీళ్ళూ పళ్ళెమూ లేకపోతే కథ అక్కడే ఆగిపోయేది. సంసారికి ఒకటో రెండో కంచాలు ఎక్కువుండాల్సిందే, అవి వచ్చేవాళ్ళవి. ఎన్ని ఎక్కువ అంటే నా దగ్గర సూత్రమేమీ లేదు. నేను మాత్రం గ్లాసులు పదహారు ఉంచాను. మురుకుల గొట్టం చెక్కది ఒక్కటే ఉంచాను, పట్టు బాగుంటుంది. మరచెంబు కిందికొచ్చి దేవుడి దగ్గర నీళ్ళకి కుదురుకుంది. టీవీ పెట్టె గురించి మావారితో ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

"ఇంతింతై వటుడింతయై" అని చిన్నప్పుడు బళ్ళో చదివినవాళ్ళం కదా, హైదరాబాద్‌లో దాన్ని కళ్ళారా చూస్తాం. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు విగ్రహం. ఏటా ఒక్కో అడుగు పెరుగుతూ 2014కి 60 అడుగులయ్యాడు. ఆ తర్వాత తగ్గడమూ చూశాం, డెబ్బయ్యో ఏడని 2024లో 70 అడుగులు నిలబడటమూ చూశాం. అంత ఎదిగినా చతుర్దశి నాడు హుస్సేన్ సాగర్‌కి కదలాల్సిందే. మా అటకకి ఆ తేదీ లేదు, అందుకే అది ఇంతింతై అలా పోతూనే ఉంది. వామనుడూ పెరిగాడు. రెండడుగులకే భూమీ ఆకాశమూ అయిపోయాయి, మూడోదానికి చోటు లేక బలి తలవంచాడు.

ద్వాదశి నాడు పొద్దున్నే పారాయణ అయింది, నైవేద్యమైంది, గొడుగు తీద్దామని వెళ్ళాను. ఇంట్లో గొడుగులు ఆరు. ఒకదాని పుల్ల విరిగింది, ఒకటి తెరుచుకోదు, ఒకటి మూసుకోదు. రెండిటి మీద ఏవో కంపెనీల పేర్లు. ఆరోది మావారు వాడుతున్నది. ఆరు గొడుగుల ఇంట్లో దానమివ్వడానికి ఒక్క గొడుగు లేదు. చౌరస్తా దాకా నడిచి కొత్తది కొన్నాను. నల్లది, వంకీ పిడిది, అమ్మ కొనేలాంటిదే.

కాలనీ గుడికి వెళ్ళేసరికి మబ్బు పట్టింది. పూజారి గారి మేనల్లుడు, వేదపాఠశాలలో చదువుకుంటున్నాడు, పదేళ్ళుంటాయేమో, పిలక కూడా సరిగ్గా కుదరలేదు. తాంబూలంతో గొడుగు చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. మెట్లు దిగుతూంటే వాన మొదలైంది. నేనింట్లోంచి తెచ్చుకున్నది చేతి సంచి ఒక్కటే. వెనకాల నుంచి టప్పున గొడుగు తెరుచుకున్న చప్పుడు.

"ఆటో దాకా వస్తాను, పదండమ్మా" అన్నాడు.

రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నా గొడుగు నా భుజం దగ్గరకే వచ్చింది. నేనే కాస్త తల వంచాను.