పుట్ట దగ్గర ఎలుగు

ఆదివారం. పొద్దున్న 5.30కే అమ్మ లేపింది. జీడి పిక్కల కాలంలో మా ఉద్దానంలో ఆదివారానికి విలువ లేదు. ఎండ ఎక్కకముందే రాలిన పండ్లు ఏరి, పిక్కను మెలితిప్పి వేరు చేసి, గోనె సంచిలో వేసుకుని ఇంటికి రావాలి. శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి వచ్చే నాకు ఈ పనిలో చెయ్యి తిరగడం ఎప్పుడో పోయింది. అమ్మ రెండు చెట్ల కింద ఏరేలోగా నాకు ఒకటి పూర్తయితే గొప్ప.

2018లో తిత్లీ తుపాను వదిలిపెట్టిన పాత చెట్లు మాకు పదకొండే. తోట చివర పనసచెట్టు, దాని పక్కన మా పుట్ట. మాది అంటే, నాగులచవితికి మేము పాలు పోసే పుట్ట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడే ఉంది, నాకంటే వేగంగా పెరిగింది.

బకెట్టు పట్టుకుని అటు వెళ్తుంటే ఒక చప్పుడు. బొండాం అడుగున మిగిలిన నీళ్లను ఎవరో గొట్టంతో జుర్రుతున్నట్టు. కాస్త ఆగి ‘ఫూ’ మని ఊదిన శబ్దం. మళ్లీ జుర్రుడు. ఇంత పొద్దున్నే మా తోటలో బొండాం తాగేది ఎవరా అని కోపంగానే నాలుగడుగులు వేశాను.

ఎలుగుబంటి. నాకూ దానికీ మధ్య యాభై అడుగులు కూడా ఉండవు. పుట్టను సగానికి తవ్వేసి తల లోపలికి పెట్టింది. తెల్లటి గోళ్లు, ఒక్కొక్కటి నా వేలంత. దుమ్మును ఊదడం, చెదలను పీల్చడం, మళ్లీ ఊదడం. ఎలుగుకు పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే చెదలను లాగుతుంది. మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు కూడా. ఇవన్నీ ఎక్కడో చదివినవే. అయితే చదివినప్పుడు ఆ చప్పుడు వినపడలేదు కదా.

వీపు మీద ఏదో కదిలింది. పిల్ల. తల్లి బొచ్చును రెండు చేతులా పట్టుకుని బోర్లా పడుకుని ఉంది.

ఎలుగుకు చూపు అంతంత మాత్రమే. కొన్ని ప్రాంతాల్లో దాన్ని గుడ్డెలుగు అనే అంటారు. గాలి కూడా అటు నుంచి నా వైపు వీస్తోంది, అదృష్టం. గుడికి వెళ్తే వరుసలో గంటసేపు నిలబడి, స్వామి చూపు నా మీద పడితే చాలని మొక్కుకుంటాను. ‘నన్ను చూడొద్దు తల్లీ, నన్ను చూడొద్దు’ అని మొక్కుకోవడం మాత్రం జీవితంలో ఇదే మొదటిసారి. ఎంత గట్టిగా మొక్కానంటే, ఏ గుడిలోనూ అంత మనసు పెట్టి మొక్కలేదేమో.

తల్లి చూడలేదు. పిల్ల చూసింది. తల తిప్పి, చెట్టునో రాయినో చూసినట్టు నన్ను కాసేపు చూసి, మళ్లీ బొచ్చులో ముఖం దాచుకుంది. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. కడుపు నిండిందో, చెదలే అయిపోయాయో, రెండూ కొండ వైపు వెళ్లిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే చేరినట్టుంది. పెద్దమ్మ చేతులు జోడించింది. “జాంబవంతుడే దర్శనమిచ్చాడు, నీ గ్రహదోషం పోయింది” అంది. చిన్నప్పుడు జడుపు పోవడానికి, ఎలుగును ఆడించేవాళ్లు ఊళ్లోకి వస్తే దాని వీపు మీద ఆమెను కూర్చోబెట్టారట. ముక్కుతాడు వేసిన ఎలుగు మీద కూర్చుంటే ఎవరి జడుపు పోయిందో నాకు అర్థం కాదు. శమంతకమణి కథలో జాంబవంతుడు ఆ మణిని గుహలో తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడని మాత్రం ఈరోజు గుర్తొచ్చింది. ఏటా వినాయకచవితికి అక్షింతలు పట్టుకుని ఆ కథ వింటూ, దొరికిన మణి సంగతే తప్ప బిడ్డ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

చిన్నాన్నకు ఈ మాటలేవీ గిట్టవు. “2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఏం జరిగిందో మరిచిపోయారా? ఒక మనిషి పోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. దర్శనమట, దర్శనం! డబ్బా వాయించుకుంటూ వెళ్లమని ఎన్నిసార్లు చెప్పాను?” ఆయన అన్నదీ నిజమే. అది తల ఎత్తి ఉంటే ఇప్పుడు ఈ పేజీ రాసేదాన్ని కాదు.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. సాయంత్రం చిన్నాన్న రేకుడబ్బా మోగిస్తుండగా ముగ్గురం వెళ్లాం. పుట్ట సగం లేదు. పసుపు అంటిన పెళ్లలు కింద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అపచారమని అమ్మ బాధపడుతుందనుకున్నాను. వంగి చూసింది. విరిగిన అంచు మీద చెదలు అప్పుడే తడిమట్టి పెడుతున్నాయి, ఆవగింజలంత ఉండలు, ఒకదాని పక్కన ఒకటి.

“పిల్ల ఎంత ఉంది?” అని అడిగింది.

“మన కుక్కపిల్ల అంత.”

“అయితే ఇంకా పాలు తాగుతూ ఉంటుంది. పిల్లతల్లి, ఆకలి ఎక్కువ ఉండదా మరి” అంటూ పసుపు పెళ్లలు ఏరి పుట్ట మొదట్లో పెట్టింది. “చవితికి ఇంకా చాలా నెలలు ఉన్నాయి. లేస్తుందిలే.”

రేపు తెల్లవారుజామునే బస్సు. పెద్దమ్మ కట్టిన నల్లతాడు చేతికి ఉంది, జీడిసొన అంటిన వేళ్లు ఇంకా మండుతున్నాయి. పనసచెట్టుకు కింది వైపు కాయలు రెండు పండడానికి వచ్చాయని, వాటిని కోయకుండా వదిలేద్దామని అమ్మ లోపల చిన్నాన్నతో అంటోంది. ఆయన ఒప్పుకోవడం లేదు.