భుజాన మోసిన గాలి లెక్క

హైదరాబాద్‌లోని మా కాలనీలో ఎవరు ఎంత కాలుష్యం పీలుస్తున్నారో కొలిచే అధ్యయనానికి పేరిచ్చాను. భుజాన చిన్న పంపు ఉన్న సంచీ, కాలరు దగ్గర గొట్టం మూతి. తిరిగి ఇచ్చేటప్పుడు లోపలి వడపోత కాగితం చూపించారు. తెల్లని కాగితం బూడిద రంగుకు తిరిగింది!

నేను పీల్చిన కాలుష్యం చూపే గ్రాఫులో అన్నిటికన్నా ఎత్తైన గీత ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరిది కాదు, కిటికీలు మూసిన వంటింట్లో పోపు వేసినప్పటిది. తర్వాతిది సందు చివర చెత్త తగలబెట్టిన సాయంత్రానిది. గాలిని కొలవడానికి రోడ్డు పక్కన నిలబెట్టిన యంత్రానికి మన వంటిల్లు ఎలా తెలుస్తుంది?

గాలిలో తేలే అతి సన్నని ధూళి, అంటే పీఎం 2.5 కణాలకు మన దేశ పరిమితి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. రోజంతా పొయ్యి దగ్గర ఉండేవాళ్లు, తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్లు ఈ లెక్కలోకి తప్పక రావాలి. పక్కింటి పిన్నిగారు ఒప్పుకున్నారు. మన వీధి నుంచి ఇంకెవరు వస్తారు?